అడుగు కొమ్మ

ఆరేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరు మా వీధివాళ్లు కారు కాబట్టి మీకు చెబుతున్నాను, ఈ కాగితం మీద. మధ్యలో నన్ను ఓదార్చకండి.

ధర్మవరంలో పట్టుచీరల వెనక మిగిలిన పోగులు కత్తిరించడం నా పని. మగ్గం దిగిన చీరను తిరగేసి, బుటాల వెనక వేలాడే దారాలను గుడ్డకు ఆనించి కోసేయాలి. ఒక్క పోగు మిగిలినా చీర వెనక్కి వస్తుంది. ఇరవై ఏళ్లు అదే పని చేసినదాన్ని, వేలాడేది ఏది కనబడినా చేయి ఊరుకోదు. ఇది సాకు కాదు. ఏమో, సాకేనేమో.

మా పక్కింట్లో రిటైరైన డ్రాయింగు మాస్టారు ఉండేవారు. ఆయన మిద్దె మీద, పళ్లెమంత తొట్టిలో, జానెడు చింతచెట్టు. పెనుకొండ కోట గోడ సందులో మొలిచిన మొక్కను ఆయన భార్య పీకి తెచ్చిందట. ఆమె పోయాక ఆయన దాన్ని మనిషిలా చూసుకున్నారు. కంటి ఆపరేషనుకు హిందూపురంలో కూతురింటికి పోతూ, నీళ్లు పోసే పని కోడలు సుజాతకు, చిగుళ్లు కోసే పని నాకు అప్పగించారు. నా చేయి వణకదని ఆయన నమ్మకం.

“చిగురు చిగురుకూ రెండాకులు ఇడిసిపెట్టి కొయ్యమ్మా. అడుగున వంకరగా పోతాండే ఆ కొమ్మ జోలికి మాత్రం పోవద్దు. చూసేదానికి బాగుండదు గానీ, మాను లావయ్యేది దాంతోనే,” అన్నారు.

సరేనన్నాను. ఒక ఆదివారం కత్తెర పట్టుకుని కూర్చున్నాను. పైన అంతా సమానంగా వచ్చింది. రెండాకుల సంగతి ఎక్కడ మరిచానో తెలియదు. అడుగు కొమ్మ ఒక్కటే బయటికి వేలాడుతోంది. ఆయన మాట గుర్తుంది. గుర్తుండే కోశాను, ఆ నిమిషంలో ఆయనకంటే నాకే బాగా తెలుసనిపించి, మానుకు ఆనించి, చీర మీద పోగును కోసినట్టే కోశాను. వెనక్కి జరిగి చూసుకుని మురిసిపోయాను కూడా. ఆ మురిపెం తలుచుకుంటేనే నాకు ఎక్కువ సిగ్గు.

వారానికల్లా కోసిన చోట మాను నల్లబడింది. మండుటెండలు. ఒక్క చిగురూ రాలేదు, చెట్టు నిలువునా ఎండుతూ వచ్చింది. సుజాత రోజూ పొద్దున చెంబు పట్టుకుని మిద్దె ఎక్కేది. ఆమె మెట్లెక్కే చప్పుడు వినబడినప్పుడల్లా నేను చేతిలో కత్తెర పక్కన పెట్టేసేదాన్ని.

మాస్టారు నల్ల కళ్లద్దాలతో తిరిగొచ్చి నన్ను పిలిపించారు. సుజాత పక్కనే ఉంది. ఆయన మానును వేళ్లతో తడిమారు.

“అడుగు కొమ్మ యాడమ్మా?”

“ఎండిపోయింటే తీసేసినా సార్. నీళ్లు సరిగా పళ్లేదేమో.”

రోజూ పోశానని సుజాత ఒకసారి అంది. రెండోసారి అనలేదు. నేను ఆమె పేరెత్తలేదు కదా, అది అబద్ధం ఎట్లా అవుతుందని ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నానో. మాస్టారు కోడలిని తిట్టలేదు. తిట్టి ఉంటే చెప్పేసేదాన్నా? “మీ అత్త తెచ్చిన చెట్టు,” అని మాత్రం ఆమెతో అన్నారు. అప్పటినుంచి మిద్దె మీది మిగతా మొక్కలకు తనే నీళ్లు మోసుకున్నారు. ఆపరేషను అయినా చూపు సరిగా ఆనని మనిషి, బిందెతో, ఒక్కో మెట్టూ కాలితో వెతుక్కుంటూ ఎక్కేవారు. సుజాత కింద నిలబడి చూసేది. ఆయన పోయేదాకా అంతే.

పోయిన వారం సుజాత మా ఇంటికి వచ్చింది. అదే తొట్టి, అందులో వేలెడంత చింతమొక్క. పెనుకొండకు పోయి వెతికి తెచ్చిందట.

“నీళ్లు నువ్వే పొయ్యక్కా. నా చేయి మంచిది కాదు. అప్పుడు యాదో ఒకనాడు మరిచిపోయింటా.”

నా అబద్ధాన్ని ఆమె నమ్మేసింది. అప్పుడైనా నోరు విప్పానా? లేదు. తొట్టి అందుకున్నాను.

మొక్క మా గోడ మీద ఉంది. కత్తెర పెట్టలేదు. ఇది మీకు చెప్పగలిగాను కాబట్టి, ఈ కాగితం ఆ తొట్టితోపాటు రేపు ఆమెకు ఇస్తాను. క్షమించమని అడగను. అడిగే ముఖం లేదు.

సుజాతా, నువ్వు ఒక్కరోజు కూడా మరవలేదు. ఆ మెట్ల చప్పుడు నేను రోజూ విన్నాను. కొమ్మ కోసింది నేను.