మా అత్త దేవుడి కుండ

పాఠక మహాశయులారా, ముందుగా రెండు చేతులూ జోడించి క్షమాపణ వేడుకుంటున్నాను. బి.ఏ. చదివినవాణ్ణి. లోకాన్ని ఉద్ధరించే విషయాలు నా దగ్గర బండెడు ఉండగా, పోయిన బేస్తవారం బత్తలపల్లె పక్క పల్లెలో కన్నుమూసిన మా మేనత్త గురించి రాస్తున్నాను. కబురు తెచ్చిన మనిషి, "మీ యత్త పోయిందప్పా. పోయేముందు గూడా కోడల్ని 'పిడికెడు తీసినావా?' అని అడిగింది" అన్నాడు. ఏడవాలో నవ్వాలో తెలియక బస్సెక్కాను.

అత్త ప్రార్థన గుడి గోడ అవతలికి కూడా వినపడేది. "ప్రభువా, వాన సంగతి పోయిన ఆదివారమే చెప్పినా. మళ్లీ చెప్పిచ్చుకోవద్దు." ఆమెన్‌కు ముందు ఒక కన్ను తెరిచి, నేను మోకాళ్ల మీద ఉన్నానో లేదో చూసేది. "మొగం మాడ్చుకొని అడిగితే మనుషులే ఇయ్యరు, దేవుడెందుకిస్తాడ్రా?" అనేది.

మా సంఘంలో ఆడవాళ్లు వంటకు గింజలు తీసేటప్పుడు ముందుగా ఒక పిడికెడు చిన్న కుండలో వేస్తారు. అది దేవుడి కుండ. ఆదివారం దాన్ని గుడికి తెస్తారు. పిల్లలకు చదువు చెప్పి, పెండ్లికీ చావుకూ ప్రార్థన చేసే ఉపదేశి ఇల్లు ఆ గింజలతోనే గడిచేది.

నేను బి.ఏ. చదివే రోజుల్లో వరుసగా రెండేండ్లు వానలు ఎగ్గొట్టాయి. ఇంట్లో సంకటికే దిక్కులేకపోతే దేవుడి కుండలో వేసేదెవరు? మూడు ఆదివారాలు అందరూ ఖాళీ చేతులతో వచ్చారు, మా అత్త తప్ప. ఉపదేశి ట్రంకుపెట్టె సర్దుకున్నాడు. "ఈ ఆదివారం ఆరాధన చేసి, సోమవారం పిల్లోళ్లను తీసుకొని గుంతకల్లు పోతాము. ఆడ కూలన్నా దొరుకుతాది" అన్నాడు. ఆయన పోతే గుడికీ బడికీ కలిపి ఒకే తాళం.

సెలవులకు వచ్చిన నేను అదే అదనుగా ఉపన్యాసం మొదలుపెట్టాను. "ఏమత్తా, మీ దేవుడు గూడా గుంతకల్లు బండెక్కినట్టుండాడే!"

"ఎక్కితే టికెట్టు తీసుకొనే ఎక్కింటాడు, నీ మాదిరి కాదు" అంది అత్త, కుండలో పిడికెడు జొన్నలు వేస్తూ.

శనివారం సాయంత్రానికి ఆ కుండ ఎలాగో ఖాళీ అయింది. చేను నుంచి వచ్చిన అత్త కుండలోకి చూసింది, నా వైపు చూసింది. మూలనున్న విత్తనాల బాన దగ్గరికి పోయి, పేడతో మెత్తిన మూత పగలగొట్టింది.

నేను అడ్డం పోయాను. "అత్తా, అవి విత్తనాలు! రేపు వానొస్తే ఏం విత్తుతావు?"

"వాన రానీ, అప్పుడడుగు. ఉపదేశి పిల్లోళ్లకు ఆకలి ఇప్పుడుండాది."

ఆదివారం ఆమె నిండు కుండ తెచ్చిపెట్టగానే గుడిలో మాటలు ఆగిపోయాయి. గింజలకు పురుగు పట్టకుండా కలిపే బూడిద అంటి ఉంది. అవి విత్తనాలని చూసినవాళ్లందరికీ తెలిసిపోయింది. ఒకామె లేచి ఇంటికి పోయింది. ఆమె వెనకే ఇంకొకామె. పాట ముగిసేలోగా ఉపదేశి ముందు కొర్రలు, రాగులు, ఎక్కడిదో ఒక గుమ్మడికాయ. సోమవారం ట్రంకుపెట్టె మళ్లీ అటకెక్కింది.

ఆ ఏడు వాన పడింది. విత్తనాలు చాలక అత్త సగం చేనే విత్తింది. ఆ సగాన్నే చూపించి, "ఎంత పచ్చగుండాదో చూడ్రా!" అని మురిసిపోయింది.

అంత విశ్వాసం ఎట్లొచ్చిందని అడిగినవాళ్లకు, "అంతా మా అల్లుని చలవే" అని నన్ను చూపేది. విత్తనాలు ఇమ్మని చెప్పింది నేనే అనుకొని సంఘం నా కోసం స్తుతి ప్రార్థన చేసింది. నేను వినయంగా తల వంచుకున్నాను.

మొన్న సమాధి దగ్గర ఆ కుండ పెట్టారు. అందరూ పిడికెడు మట్టి వేసి, చెయ్యి దులుపుకొని, కుండలో పిడికెడు గింజలు వేశారు. నేను రెండు పిడికిళ్లు వేశాను. "మేనల్లుడంటే అట్లుండల్ల" అన్నారెవరో.

ఇక దాచలేను. ఆ శనివారం దేవుడి జొన్నలను పేలాలుగా వేయించుకొని తిన్నది నేనే. అత్తకు అప్పుడే తెలుసు. బాన మూత పగలగొట్టాక, చేతుల బూడిద దులుపుకుంటూ ఒక్కటే అడిగింది: "ఉప్పు సరిపోయిందా?"

సరిపోయింది, అత్తా.