రంగం వెళ్ళని నూలు

ముప్పై ఏళ్ళు న్యాయశాస్త్రం పాఠాలు చెప్పాను. గాలిని పాడు చేయకూడదనే చట్టం గురించి మొదలెట్టిన రోజున ప్రతి ఏడూ ఎవరో ఒకరు లేచి, "ఆ చట్టం రాకముందు జనం ఏం చేసేవారండీ?" అని అడిగేవారు. "దగ్గేవారు" అని విసుక్కునేవాణ్ణి. క్లాసంతా నవ్వేది. నాకు ఒళ్ళు మండేది, ఎందుకంటే నేను చెప్పింది నిజం. కోపం చల్లారాక పుస్తకం మూసి ఒక పెద్దావిడ సంగతి చెప్పేవాణ్ణి. పరీక్షలో రాదు కనక ఎవరూ రాసుకునేవారు కాదు. ఇప్పుడు నేనే రాసుకుంటున్నాను.

అరవైల చివర్లో మాట. విజయనగరంలో పుట్టి పెరిగిన నేను, లా పాసై, శ్రీకాకుళంలో ఒక పెద్ద ప్లీడరు గారి దగ్గర జూనియర్‌గా చేరాను. నల్లకోటు కొత్తది. పుస్తకాల్లో చదివిన తీర్పులన్నీ నాలిక చివరే ఉండేవి, సందు దొరికితే చాలు వల్లించేవాణ్ణి. మా సీనియరు గారు "ముందు వచ్చినవాళ్ళు చెప్పేది వినవయ్యా, తర్వాత నువ్వు చెప్పేది నేను వింటాను" అనేవారు. నేను వింటే కదా.

ఒకరోజు పొద్దున్నే పొందూరు వైపు నుంచి బస్సు దిగి ఒకావిడ మా ఆఫీసు అరుగు మీద కూర్చుంది. యాభై దాటి ఉంటాయి. చేతివేళ్ళు పొడుగ్గా, సన్నగా, వయసుకి మించి మెత్తగా కనిపించాయి. నూలు వడికే చేతులవి. చేప దవడతో పత్తి దువ్వి, ఏకులు చేసి, వెంట్రుకంత సన్నటి దారం తీసే పని ఆవిడది. నాలుగు మాటలు మాట్లాడి ఒకసారి ఆగి ఊపిరి తీసుకునేది. ఊళ్ళో ఆవిణ్ణి రంగం పెద్దమ్మ అంటారట. మా వైపు రంగూన్‌ని రంగం అనేవారు. ఓడెక్కి అక్కడికి వెళ్ళి మిల్లుల్లోనూ రేవులోనూ కూలి చేసుకున్న కుటుంబాలు మా జిల్లాలో లెక్కలేనన్ని. ఈవిడా పెళ్ళయిన కొత్తలో భర్తతో అలాగే వెళ్ళింది. యుద్ధంలో బాంబులు పడ్డాక కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చింది. ఆయన రాలేదు, దగ్గు వెంట వచ్చింది.

ఇప్పటి బాధ వేరు. రెండేళ్ళ కిందట వాళ్ళ ఊరికి నైరుతిన ఉప్పుడు బియ్యం మిల్లు పెట్టారు. వడ్లు ఉడకబెట్టే బాయిలర్‌కి ఊకే మంట. పొగగొట్టం తాటిచెట్టులో సగం కూడా లేదు. వేసవిలో ఆ వైపు నుంచి గాలి మొదలైతే చాలు, మసంతా ఊరి మీదే పడేది. వండిన అన్నం మీద, ఆరేసిన బట్టల మీద, ఈవిడ ఏకుల మీద. ఇంకో వేసవి ఈ పొగలో గడిపితే ఊపిరితిత్తులు తట్టుకోవనీ, ఊరు మారిపొమ్మనీ ఆస్పత్రిలో డాక్టరు చెప్పేశాడు.

"ఓపాలి ఊరొగ్గీసి వచ్చినదాన్ని బాబూ. మళ్ళీ ఒగ్గలేను. నడిసే కాళ్ళూ లేవు, ఊపిరీ లేదు. నా ఇంట్లో నన్ను ఉండనిస్తే సాలు. ఏటి సేస్తావో సెయ్యి" అంది.

గాలి కోసమంటూ ప్రత్యేకంగా చట్టం రావడానికి అప్పటికింకా చాలా ఏళ్ళుంది. కానీ పాత క్రిమినల్ ప్రొసీజరులో ఒక సెక్షన్ ఉంది. దారికి అడ్డంగా కట్టిన గోడలకీ, మీద పడబోయే చెట్లకీ, జనం ఆరోగ్యం చెడగొట్టే వ్యాపారాలకీ అన్నిటికీ కలిపి అదొక్కటే. దాని కింద మేజిస్ట్రేటుకి అర్జీ పెట్టాం. సీనియరు గారు కేసు నా చేతికే వదిలేశారు. నేల మీద కాళ్ళు ఆనలేదు నాకు.

విచారణకి ముందురోజు ఆవిణ్ణి కూర్చోబెట్టి చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాను. "కోర్టులో రంగం ఊసు ఎత్తకు పెద్దమ్మా. దగ్గు ఎప్పటినుంచి అని అడిగితే, మిల్లు వచ్చినప్పటినుంచి ఎక్కువైందని చెప్పి ఊరుకో."

"అబద్ధం సెప్పమంటావేటి?"

"అబద్ధం కాదు, కొంచెం తక్కువ చెప్పమంటున్నాను."

"అలగా" అని నావైపు చూసింది. ఆ చూపు నాకప్పుడు అర్థం కాలేదు. నా తెలివికి మురిసిపోయిందనుకున్నాను. వెధవ తెలివి.

మర్నాడు మిల్లు తరఫు ప్లీడరు లేచాడు. తల పండినవాడు, మర్యాదస్థుడు. గొంతు పెంచకుండానే అడిగాడు. "నీకు దగ్గు ఎన్నాళ్ళ నుంచి ఉందమ్మా?"

ఆవిడ నా ముఖం చూసింది. నేను కళ్ళతోనే బతిమాలాను.

"పాతికేళ్ళు అవతన్నాది బాబూ. రంగం నుంచి వచ్చిన కాడి నుంచీ."

ఆయన మేజిస్ట్రేటు వైపు తిరిగి ఇంగ్లీషులో తాపీగా వివరించాడు. పొగ వల్ల హాని జరిగిందా లేదా అన్నది మామూలు మనిషి ఆరోగ్యంతో కొలవాలి. ముందే చెడిపోయిన ఊపిరితిత్తులతో కొలవకూడదు. ఈవిడ జబ్బు యుద్ధం తెచ్చింది, మిల్లు తెచ్చింది కాదు. ఆ సూత్రం నాకూ తెలుసు. దానికి జవాబు కూడా చదివాను. లేచి నిలబడితే ఒక్క ముక్క నోట్లోంచి రాలేదు.

"ఆ బాబు ఏటంటన్నాడు?" అంది ఆవిడ, నేరుగా మేజిస్ట్రేటుని చూసి. కోర్టులో ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆయన నవ్వలేదు. ప్లీడరు అన్నదంతా తెలుగులో విడమరిచి చెప్పి, "నువ్వు చెప్పుకోవలసింది ఉంటే చెప్పమ్మా" అన్నాడు.

ఆవిడ బోనులో కాస్త సర్దుకుని నిలబడింది.

"ఆ బాబు నిజమే సెప్పినాడు. రంగంలో కూడా నాను బియ్యం మిల్లులోనే పని సేసినాను. బాంబులు పడితే ఊక కుప్పలంటుకున్నాయి. ఊక మంట మీకు తెలుసో తెలీదో, నీళ్ళు పోస్తే పైన ఆరతాది గాని లోపల్లోపల కాలతానే ఉంటాది. రోజులు రోజులు కాలినాది. ఆ పొగలోంచి ఎలిపోనాం. మా ఆయన తలగుడ్డ తడిపి నా ముక్కుకి కట్టినాడు. తనకి కట్టుకోడానికి గుడ్డ లేదు. కొండలెక్కినాక ఓ కాడ కూకున్నాడు. మరి లెగలేదు. అదీ నా దగ్గు."

బయట జట్కావాడెవడో గుర్రాన్ని అదిలించడం వినబడింది.

"ఆ పొగ ఎవుడేసినాడో నాకు తెలీదు బాబూ. ఆకాశం నుంచి పడ్డాది. ఎవులికి అర్జీ ఎట్టుకుంటాను? ఈ పొగ ఎవులిదో తెలుసు. అందుకే వచ్చినాను. నా ఊపిరి సగం అక్కడ ఒగ్గీసి, సగం దాసుకుని ఇంటికి తెచ్చుకున్నాను. సగమే ఉంది గదా, అది కూడా ఇచ్చీమంటారేటి?"

నేను చదివిన జవాబు అదే. దెబ్బ కొట్టినవాడు, దెబ్బతిన్న మనిషిని ఎలా ఉంటే అలాగే లెక్కలోకి తీసుకోవాలి, ముందే నీరసంగా ఉన్నాడని తప్పించుకోకూడదు. దీని మీద పండితులు పేజీలకి పేజీలు రాశారు. ఆ పేజీలన్నీ బట్టీపట్టి నోరు మూసుకు నిలబడింది నేను. పలక పట్టని మనిషి నాలుగు ముక్కల్లో చెప్పేసింది. చేతులెత్తి దండం పెట్టాలనిపించింది, కోర్టు కాబట్టి ఊరుకున్నాను.

ఆవిడ అక్కడితో ఆగలేదు. వెంట తెచ్చిన మూట విప్పమంది. అందులో నూలు చిలపలు, వడికిన దారం చుట్టి కట్టిన కట్టలు, ఒకదాని మీద ఒకటి. మసి పడిందని ఖద్దరు కేంద్రం వాళ్ళు తిప్పి పంపేసినవి, వాటితో కలిపి తన దగ్గరే ఉంచుకున్న తెల్లవి. రోజుకో చిలప వడుకుతుంది. రాయడం రాదు కనక చిలప కట్టిన దారానికి తిథి ప్రకారం ముళ్ళు వేసుకుంటుంది. పాడ్యమికి ఒకటి, విదియకి రెండు. మూటలో వాటిని వడికిన వరసలోనే పేర్చుకుంది. ఆ సంగతి నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు. నేను అడిగితే కదా చెప్పడానికి.

"నా దగ్గు మాట ఒగ్గీయండి. ఈ నూలు ఎప్పుడూ రంగం ఎల్లలేదు. దీనికేటి జబ్బొచ్చినాదో ఆ బాబుని సెప్పమనండి."

మేజిస్ట్రేటు చిలపలన్నీ తన బల్ల మీద పరిపించాడు. పంచాంగం తెప్పించాడు. కళ్ళజోడు పైకి తోసుకుని, ఒక్కొక్క చిలపా వెలుతురుకి పట్టి, ముళ్ళు తనే లెక్కపెట్టాడు. చాలావరకు బూడిదరంగు తిరిగినవే. మధ్యలో ఏడు మాత్రం మల్లెపూవులా తెల్లగా ఉన్నాయి, వరసగా సప్తమి నుంచి త్రయోదశి దాకా. మిల్లు మేనేజరు అక్కడే ఉన్నాడు. ఆ రోజుల్లో బాయిలర్ నడిచిందా అని అడిగితే, అతను వేళ్ళు మడిచి లెక్క చూసుకుని, చెమట తుడుచుకుని, బాయిలర్ నీటిగొట్టం పగిలి వారం రోజులు ఆపేశామండీ అన్నాడు.

ఆ గదిలో అందరం ఆ బల్ల చుట్టూ చేరాం. మిల్లు ప్లీడరు కూడా దగ్గరికి వచ్చి, ఒక చిలప అరచేతిలోకి తీసుకుని, ఎంత సన్నంగా వడికావమ్మా అన్నాడు, కేసు సంగతే మరిచిపోయి. తర్వాత రోజుల్లో నేను ఎన్నో సెమినార్లకి వెళ్ళాను. మనిషి చెప్పుకున్న సొంత కథ సాక్ష్యమవుతుందా, యుద్ధం మిగిల్చిన గాయం ఎన్ని తరాలు ఉంటుంది, గాలి ఎవరి ఆస్తి అని పెద్దపెద్దవాళ్ళు రెండేసి రోజులు వాదించుకుని, భోజనాలు చేసి వెళ్ళిపోయేవారు. నేనూ వాదించాను. ఆ బల్ల మీద చూసినంత ఎక్కడా చూడలేదు.

నెలలోగా పొగగొట్టం మూడింతలు ఎత్తు చెయ్యాలి, లేదా బాయిలర్ ఆపాలి. అదీ ఉత్తర్వు. మిల్లువాళ్ళు గొట్టం లేపారు. నా మొదటి గెలుపు. కారప్పూస పొట్లం కొనుక్కుని పొందూరులో బస్సు దిగి, వాళ్ళ ఊరిదాకా ఈల వేసుకుంటూ నడిచాను.

అరుగు మీద ఆవిడ వడుకుతోంది. ఏకులు తెల్లగా ఉన్నాయి. నాలుగు మాటలకి ఆగే మనిషి ఇప్పుడు ఏడెనిమిది మాటలు ఆగకుండా మాట్లాడుతోంది. నాకు కళ్ళు చెమర్చాయి, నిజంగానే.

"పొగ మన నెత్తి మీంచి ఎలిపోతన్నాది. మరి ఎక్కడ దిగతన్నాది బాబూ?" అంది.

"ఎక్కడా దిగదు పెద్దమ్మా. పైకి పోయి గాలిలో కలిసిపోతుంది." పుస్తకాల్లో అప్పటికి అలాగే ఉండేది.

"కలవదు. మొన్న ఎల్లి సూసొచ్చినాను."

ఈశాన్యంగా రెండు మైళ్ళ అవతల పది పన్నెండు గడపల పేట ఉందట. ఆగి ఆగి, చెట్టు నీడల్లో కూర్చుంటూ, పూటంతా నడిచి వెళ్ళిందట. చాప మీద పెట్టిన వడియాల మీద, ఉయ్యాల బట్టల మీద అదే మసి. వాళ్ళ తరఫున కూడా అర్జీ రాయమంది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. "వాళ్ళ గొడవ నీకెందుకు? ఇప్పుడిప్పుడే కదా ఊపిరి పీలుస్తున్నావ్. కేసు మళ్ళీ కదిపితే మిల్లువాళ్ళు ఊరుకోరు. ఈ ఉత్తర్వు కొట్టించేస్తే పొగ మళ్ళీ నీ మీదికే వస్తుంది. నువ్వు బతకవు, తెలుసా?"

రాట్నం ఆపింది. కోర్టులో చెప్పని మాట ఒకటి అప్పుడు చెప్పింది.

"కొండల్లో నడిసొచ్చినపుడు ఓ గెడ్డ కాడ ఆగినాం. అప్పటికే జనానికి వాంతులు, ఇరోసనాలు, మా ఆయనకీ అంటుకున్నాయి. మా ఆయన గుడ్డలు ఆ నీళ్ళలోనే ఉతికినాను. దిగువన జనం దోసిళ్ళతో తాగతన్నారు. నాకు కనబడతానే ఉన్నారు. పసిగుంటలు కూడా. ఉతికీసి, పిండుకుని, తల తిప్పుకుని ఎలిపోనాను. ఎవులూ నన్నేమీ అడగలేదు. ఏ కోరటూ లేదు." ఊపిరి తీసుకుంది. "ఆళ్ళు బతికినారో నేదో నాకు తెలీదు. ఈ పేటోళ్ళు బతికే ఉన్నారు గదా. రాయి."

తక్కువ చెప్పమని నేను ఈ మనిషికా నేర్పబోయాను అనుకున్నాను. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

"పొగ నీ మీద దిగితే?" అన్నాను మళ్ళీ, ఈసారి మెల్లగా.

"దిగితే దగ్గుతాను" అంది.

ఆ అరుగు మీదే కూర్చుని రాశాను. పేటవాళ్ళ సంతకాలకి కింద జాగా వదిలి, కాగితం ఆవిడకి అందించాను. బొటనవేలికి సిరా రాసుకుని, అందరికన్నా ముందు తనే వేలిముద్ర వేసింది.