భాస్కరం మాస్టారి పదిహేడు షరతులు

భాస్కరం మాస్టారి మేడ మీద అద్దెకు దిగడమంటే మళ్ళీ ఎనిమిదో తరగతిలో చేరడమే. రాజమండ్రి ఇన్నీసుపేటలో ఆ వాటా చూడటానికి వచ్చినవాళ్ళకి ఆయన ముందు మంచినీళ్ళిచ్చేవారు, తరవాత కుర్చీ వేసేవారు, ఆ తరవాత టైపు చేయించిన కాగితం చేతిలో పెట్టేవారు. అందులో పదిహేడు షరతులుండేవి. గోడకి మేకు కొట్టరాదు. మోటారు ఉదయం ఆరింటికి, సాయంత్రం ఐదింటికి మాత్రమే వేయవలెను. మెట్ల మీద రోలు దొర్లించరాదు. ఆ రోలు షరతు ఎవరి పుణ్యాన చేరిందో ఆయన భార్య హైమగారికి కూడా గుర్తు లేదు.

పదిహేడోది మాత్రం అన్నిటికీ పెద్దన్న. పదకొండు నెలలు నిండకుండా ఖాళీ చేయరాదు. దాని కింద ఎర్ర సిరాతో రెండు గీతలు. ముప్ఫై రెండేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషాయన. గంట కొట్టకుండా క్లాసులోంచి లేచిపోయే కుర్రాణ్ణీ, గడువు నిండకుండా ఇల్లు ఖాళీ చేసేవాణ్ణీ ఒకే గాటన కట్టేవారు. ఇంతవరకూ ఆరు కుటుంబాలు కాపురం చేసి వెళ్ళాయి, ఒక్కరూ మధ్యలో పోలేదు. ఆ సంగతి అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేవారు.

ఏడో కుటుంబం రెండువేల మూడు వైశాఖంలో వచ్చింది. దుర్గాసాయి వీధి చివరి కొరియర్ ఆఫీసులో గుమస్తా. భార్య అశ్విని. ఇద్దరిదీ యానాం అవతల సముద్రం ఒడ్డు పల్లె, వేట మీద బతికే కుటుంబాలు. కాగితం మొత్తం చదివించాక మాస్టారు గొంతు సవరించుకున్నారు.

"మరి... ఆ విషయం?"

ఆ విషయమంటే ఏ విషయమో ఈ జిల్లాల్లో అద్దె ఇల్లు వెతికినవాడికెవడికైనా తెలుసు. దాన్ని కాగితం మీద పెట్టడానికి మాస్టారికి మొహమాటం.

"తింటామండి. సముద్రం పక్కోళ్ళం, చేప లేకుండా ఎలాగండి?" అన్నాడు దుర్గాసాయి దాపరికం లేకుండా. "కానీ మీ ఇంట్లో వండమండి, బయట్నుంచి తేమండి. మాటిస్తున్నానండి."

ఆ నిజాయితీ మాస్టారికి నచ్చింది. మంచిరోజు చూసుకుని అశ్విని మేడ మీద పాలు పొంగించింది. ఆదివారం వస్తే మొగుడూ పెళ్ళాం బస్సెక్కి ఊరెళ్ళి, కడుపారా తిని, సాయంత్రానికి వచ్చేసేవారు. నెల తిరిగేసరికి మాస్టారు ఆ మాట సంగతే మరిచిపోయారు. నిలబెట్టుకున్న మాట ఎవరికీ గుర్తుండదు, తప్పిన మాటే గుర్తుంటుంది.

శ్రావణంలో అశ్వినికి నెల తప్పిందని తేలింది. ఇంకేముంది, హైమగారి కాళ్ళు నేల మీద నిలవలేదు. వాళ్ళకి పిల్లల్లేరు. కట్టి పాతికేళ్ళయిన ఆ ఇంట్లో పసిపిల్ల ఏడుపు ఒక్కసారీ వినపడలేదు. ఆవిడ పాత నేతచీరలన్నీ ఉతికి, ఎండబెట్టి, మడతలు పెట్టడం మొదలెట్టారు. మాస్టారేమో మెట్ల దగ్గర చిన్న తలుపు పెట్టించాలి, పాకే పిల్లలు దొర్లిపడతారు అని వడ్రంగిని పిలిపించి కొలతలు తీయించారు. పుట్టబోయే పిల్లకి అప్పటికింకా మూడో నెల.

ప్రయాణాలు వద్దన్నారు డాక్టరమ్మ. ఆదివారం బస్సులు ఆగిపోయాయి. అశ్విని తిండి కూడా సగానికి పడిపోయింది. హైమగారు పులిహోర పంపితే రెండు ముద్దలు, ఆవడలు పంపితే ఒకటి.

"ఏం తినాలనుందే తల్లీ?" అని అడిగితే, "ఏం లేదండి పిన్నిగారూ" అని నవ్వేసేది.

దీపావళి మర్నాడు దుర్గాసాయి చేతులు కట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"మాస్టారూ, పంచమినాడు ఇల్లు ఖాళీ చేస్తామండి. లాలాచెరువులో చూసుకున్నామండి."

"ఏం? ఎందుకని?"

"ఆఫీసుకి దగ్గరవుద్దనండి."

మాస్టారు లెక్క వేయకుండా ఉండగలరా? ఇక్కణ్ణుంచి ఆఫీసుకి నడిస్తే నాలుగు నిమిషాలు. లాలాచెరువు నుంచి సైకిలు మీద ముప్పావుగంట. ఏ బోర్డు మీద వేసినా ఈ లెక్క తేలదు. అబద్ధం ఆడటం కూడా రాని కుర్రాడు అబద్ధం ఆడుతున్నాడంటే తనే ఏదో చేసి ఉండాలి. ఆ ఆలోచన వచ్చేసరికి ఆయనకి కోపం కన్నా దిగులెక్కువైంది. లోపల హైమగారు మడతపెట్టిన నేతచీరని విప్పి మళ్ళీ మడత పెడుతున్నారు.

ఆ సాయంత్రం ఆయన కాగితమూ ఎర్రకలమూ పట్టుకుని మేడెక్కారు. పాతికేళ్ళలో ఎన్నడూ చేయని పని అది.

"చూడు సాయీ, నీకు అడ్డొచ్చిన షరతేదో చెప్పు. మేకులా?"

"అబ్బే, లేదండి."

"ఎందుకైనా మంచిది, కొట్టేస్తున్నా. మోటారా?"

"అయ్యో, అదేం లేదండి మాస్టారూ."

"అదీ కొట్టేశా. రాత్రి గేటు తాళమా?"

అలా ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ పదహారు దాకా వచ్చారు. దుర్గాసాయి "అబ్బే" అంటూనే ఉన్నాడు, అశ్విని వంటింటి గుమ్మంలో తల వంచుకుని నిలబడే ఉంది. పదిహేడోది కొట్టేస్తే ఆపడానికి ఇంక ఏ షరతూ మిగలదు. మాస్టారు కలం మూసి కిందకి దిగిపోయారు.

"మర్యాదస్తుడితో ఇదే చిక్కు హైమా, తిట్టి పోడు, చెప్పి పోడు" అన్నారు.

"మీరు చెప్పనిచ్చారా ఎప్పుడైనా ఎవరినీ?" అన్నారు హైమగారు.

పంచమి రానే వచ్చింది. తెల్లారేసరికి గేటు ముందు రిక్షాబండి ఆగింది. దుర్గాసాయి సామాను దించుతున్నాడు. మాస్టారు అటక మీద నుంచి "ఇల్లు అద్దెకు ఇవ్వబడును" అనే రేకు బోర్డు దింపి, ముఖం అటు తిప్పుకుని దుమ్ము దులుపుతున్నారు. తూర్పు గాలి ఝామ్మని వీస్తోంది.

అప్పుడు వచ్చిందావిడ. బిగించి కట్టిన చీర, నుదుట కాసంత బొట్టు, చేతిలో తడిగుడ్డ కప్పిన సత్తు క్యాను.

"దణ్ణవండి మేస్టారుగారూ. ఆయ్, అచ్చాయమ్మనండి, అశ్విని తల్లినండి. కొత్తింట్లో పాలు పొంగించాలని మొదటి బస్సుకే వచ్చేశానండి."

"ఆ క్యానులో ఏంటమ్మా?"

"చీరమేనండి, గోదారి సన్న చేపలండి." ఆవిడ గబుక్కున క్యాను వెనక్కి పెట్టుకుంది. "లోపలికి తేనులెండి, మీ గేటు బయటే నిలబడతానండి. ఇది కొత్తింటికండి."

మాస్టారికి ఏదో తట్టినట్టయింది. "ఉండమ్మా. కొత్తింటికే ఎందుకూ?"

అచ్చాయమ్మకి మర్మం తెలీదు, అల్లుడు దాచాడని అంతకన్నా తెలీదు. "అదేంటండి అలా అంటారు! ఇది ఏడాదికి నెల్రోజులే దొరుకుద్దండి. తూర్పు గాలి పడ్డాకే ఏట్లోకి ఎక్కుద్దండి. చీర అమ్ముకునైనా చీరమేను తినాలంటారు కదండి. పిల్ల ఐదో నెల కడుపుతో ఉండి రోజూ అదే కలవరిస్తందండి. వండి పట్టుకొస్తానంటే అల్లుడు వద్దన్నాడండి. తేమని మాస్టారికి మాటిచ్చాను అత్తా, మాట తప్పితే ఆయన ముఖం చూడలేను, ఇల్లే మారదాం అన్నాడండి."

మాస్టారు దులుపుతున్న బోర్డుని గోడకి ఆనించారు. గడువు నిండకుండా పోతున్నాడని నాలుగు రోజులుగా తిట్టుకుంటున్నారే, ఆ కుర్రాడు పోతున్నది మాట తప్పి కాదు, మాట తప్పలేక. పదహారు షరతులు కొట్టేశారు గానీ, అసలు అడ్డొచ్చిన పద్దెనిమిదోది ఆయన నోట్లోనే ఉంది.

సరిగ్గా అప్పుడే గోదావరి స్నానం చేసి, తడి జుట్టుతో, చేతిలో కార్తీక దీపాల పళ్ళెంతో హైమగారు గేటు తీశారు. సంగతి విన్నారు. ఒక్క క్షణం పట్టలేదు ఆవిడకి.

"కడుపుతో ఉన్న పిల్ల కోరికకి అడ్డం పడితే మనకి ఏ దీపం పెట్టి ఏం లాభమండీ?"

"కార్తీకమాసం హైమా..." అని నసిగారు మాస్టారు.

"తినేది మనం కాదుగా. దాని కడుపు నిండితే నా పుణ్యమేం కరిగిపోదు."

అంతే, ఆయన వీధిలోకి నడిచారు. "ఒరేయ్ సాయీ! కొత్తింట్లో పాలు పొంగించారా?"

"ఇంకా లేదండి, తొమ్మిదింటికండి."

"అయితే అది ఇంకా మీ ఇల్లు కాదు. సామానంతా పైకెక్కించు. ఆ ఇంటాయనతో నేను మాట్లాడతా."

దుర్గాసాయి అత్తగారి చేతిలో క్యాను చూశాడు, మాస్టారి ముఖం చూశాడు. అన్నీ అర్థమై ఏడవలేక నవ్వాడు. "మాటిచ్చానండి మాస్టారూ..."

"నీ మాట నీకు తిరిగిచ్చేస్తున్నానురా. తీసుకో."

రోలు మోసుకెళ్తుంటే రిక్షా అతను మెట్ల దగ్గర వగర్చాడు. "దొర్లించుకో నాయనా, ఫరవాలేదు" అన్నారు మాస్టారు. హైమగారు ఆయన వంక అదోలా చూశారు.

మరి వండటం ఎక్కడ? కింద దేవుడి గది, మేడ మీద వంటింటి కిటికీ సరిగ్గా దాని పైనే. మాస్టారు మేడ పైన డాబా ఎక్కి గాలికి చెయ్యి పెట్టి చూశారు. తూర్పు నుంచి పడమరకి వీస్తోంది. పడమట గోదావరి. "ఇక్కడ వండితే వాసన ఎక్కణ్ణుంచి వచ్చిందో అక్కడికే పోతుంది" అని తేల్చారు. జీవితంలో ఆయన చేసిన లెక్కల్లో ఇంత రుచికరమైనది ఇంకోటి లేదు.

కిరసనాయిలు స్టవ్వు పైకెక్కింది. గాలికి మంట నిలబడలేదు. రెండుసార్లు ఆరిపోయింది. మూడోసారి వెలిగించేసరికి మాస్టారు ఆ రేకు బోర్డు తెచ్చి అడ్డం పెట్టి, ఉత్తరీయం ముక్కుకి చుట్టుకుని, కళ్ళు నది మీద ఉన్న రైలు వంతెన వైపు తిప్పి నిలబడ్డారు. అచ్చాయమ్మ జీలకర్ర గింజంత చేపల్ని పసుపుతో కడిగి, ఉల్లిపాయా చింతపండూ వేసి ఇగురు పెట్టింది, మిగిలినవి గారెలు తట్టింది. అశ్విని గోడవారగా పీట మీద కూర్చుని తింది. మాట్లాడకుండా, తలెత్తకుండా, విస్తరి ఖాళీ అయ్యేదాకా తింది. హైమగారు పక్కనే కూర్చుని మంచినీళ్ళందిస్తూ కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. ఉల్లిపాయ ఘాటని అందరితో అన్నారు గానీ, ఉల్లిపాయలు తరిగి అప్పటికి గంటైంది.

ఆ నెలంతా వారానికి రెండు రోజులు మాస్టారు బోర్డు పట్టుకుని నిలబడ్డారు. గాలి తిరిగిందేమోనని పొద్దున్నే డాబా ఎక్కి చూసుకునేవారు. కార్తీకం వెళ్ళేసరికి బోర్డు మీద మసి పట్టి అక్షరాలు ఒక్కటీ కనపడలేదు.

పల్లెలో ఆసుపత్రి లేదని అచ్చాయమ్మ పురుడు రాజమండ్రిలోనే పోసింది. ఆడపిల్ల. పాత నేతచీరల మడతలన్నీ ఖర్చయ్యాయి. పిల్ల ఏడిస్తే మాస్టారు మెట్ల కింద నిలబడి, "ఏమైంది? ఏమైంది?" అని అరిచేవారు.

చైత్రంలో పదకొండు నెలలు నిండాయి. ఆరోజు దుర్గాసాయి నలభై రోజుల పిల్లని ఎత్తుకుని, షరతుల కాగితం పట్టుకుని వచ్చాడు.

"గడువైపోయిందండి మాస్టారూ. కొత్త కాగితం రాయాలి కదండి."

మాస్టారు కాగితం అందుకున్నారు. పదహారింటి మీదా ఎర్రగీతలున్నాయి. జేబులోంచి కలం తీసి పదిహేడోది కూడా కొట్టేశారు. తరవాత పిల్లని ఒళ్ళోకి తీసుకున్నారు. అది ఆయన వేలు గట్టిగా పట్టుకుంది.

"రాద్దాం. కానీ ఇకమీదట ఈ ఇంట్లో అద్దెకుండేది నువ్వు కాదు, ఇది" అన్నారు ఆయన. "దీనికి సంతకం పెట్టడం నేను నేర్పుతా. అది వచ్చేదాకా ఎవరూ ఖాళీ చేయడానికి వీల్లేదు."