బిషాన్ బీరువాలో మా మామగారు

చైనీయుల ఏడో నెల వచ్చిందంటే సింగపూర్ టాంపినీస్‌లో మా బ్లాకు కింద ఇనుప డబ్బాల్లో పోయిన పెద్దల పేరు మీద కాగితాలు కాలుస్తారు. ఆ వాసన మెల్లగా అంతస్తులెక్కి మా వంటింటి కిటికీలోంచి లోపలికొస్తుంది. నేను కుర్చీలోంచి లేచి ముక్కుతో గాలిని విడదీసి చూస్తాను. కాగితమైతే పరవాలేదు. అందులో ప్లాస్టిక్ వాసన ఏమాత్రం ఉన్నా ఇల్లంతా తిరిగి ప్లగ్గులన్నీ తడిమి వస్తాను. "మీకీ జబ్బు పుట్టుకతో లేదండీ, ఆవిడే అంటించింది" అంటుంది నా భార్య సుభద్ర. నిజమే. అంటించినావిడ పేరు కనకం, మా ఆఫీసులో బాసు. మేమందరం మేడమ్ అనేవాళ్ళం.

ఐటీ ఉద్యోగాలు పెసరట్లలా వేడివేడిగా దొరికిన రోజులవి. పాయా లేబర్‌లో ఒక పెద్ద ఆఫీసులో, కంప్యూటర్ లెక్కలకి కాపీలు తీసి దాచే బ్యాకప్ విభాగమంతా నా చేతిమీదుగా నడిచేది. నేను ఒక్కరోజు సెలవు పెడితే సగం సింగపూర్ లెక్కలు గల్లంతయ్యేవి. సరే, ఈ వయసులో కోతలెందుకు. ఆ కాపీల టేపులు యంత్రంలో పెట్టడం, తీయడం, పెట్టెలో సర్ది వ్యానెక్కించడం, ఇదీ నా పని. నడిపింది మేడమ్. వాళ్ళ తాత తెల్లదొరల కాలంలో విశాఖ వైపు నుంచి ఓడలో వచ్చాడట. ఆమె పుట్టింది, చదివింది, పెరిగింది ఇక్కడే. తెలుగు మాత్రం తాతదే, మధ్యలో 'లా' లాంటి ఈ ఊరి ఊతపదాలు కలుపుకుని.

చేరిన మొదటి రోజే నాకు తలంటింది.

"బ్యాకప్ అయిపోయింది మేడమ్."

"ఎవరు చెప్పినారు?"

"స్క్రీన్ మీద వచ్చింది మేడమ్. సక్సెస్ అని."

"స్క్రీన్ అలాగే చెప్తాది లా. తెరిచి చూసినావా?"

చూడలేదు. చూడని కాపీ ఆమె దృష్టిలో లేని కాపీ. ఆ ఆఫీసులో ఆమె అనుమానించనిది లేదు. టేపుల గది పైకప్పులో నీళ్ళ గొట్టం ఎటు పోతోందో, పక్కగదిలో టీ కెటిల్ ఎవరు ఆర్పకుండా వదిలేస్తారో, ఏసీ మెకానిక్ సిగరెట్ తాగుతాడో లేదో అన్నీ ఆరా తీసేది. ఒకసారి రెండు కాపీలూ ఒకే అలమరలో పెట్టానని పిలిచి, "ఏటి మిస్టర్ రావు, నిప్పు వచ్చి మొదటిది కాల్చి, రెండోది పాపం అని వదిలేస్తాదా?" అంది. మేమూ ఊరుకోలేదు, ఆమెను అనుమానించాం. మార్కెట్ పడిపోతోంది, తీసేయాల్సినవాళ్ళ పేర్లు ఈవిడే పైకి పంపుతోందని భోజనాల దగ్గర గుసగుసలు. అందరికంటే గట్టిగా గుసగుసలాడింది నేనే.

ఆ రోజుల్లోనే మా మామగారు సింగపూర్ వచ్చి కొన్నాళ్ళున్నారు. ఊళ్ళో ఎన్నడూ ఫోటోకి నిలబడని మనిషి, నేను కొత్తగా కొన్న డిజిటల్ కెమెరా చూసి చిన్నపిల్లాడైపోయారు. "ఫిల్ము ఖర్చు లేదు కదయ్యా, తియ్యి" అంటూ బస్‌స్టాపులో, లిఫ్టులో, డురియన్ పండ్ల కొట్టు ముందు ముక్కు మూసుకుని, మనవరాల్ని భుజాన వేసుకుని ఫోటోలు దిగారు. తిరిగి వెళ్ళిన కొద్దిరోజులకే నిద్రలో పోయారు. సుభద్రకి తండ్రి అంటే ఇక ఆ ఫోటోలే. కంప్యూటర్‌లో చోటు చాలక వాటిని సీడీల్లోకి ఎక్కించి, లోపలివి చెరిపేశాను. ఉద్యోగధర్మంగా రెండు సెట్లు చేశాను. రెండూ షెల్టర్‌లో పెట్టాను.

అప్పట్లో కొత్తగా కట్టిన ప్రభుత్వ ఫ్లాట్లలో ఇంటింటికీ షెల్టర్ అని బాంబుకి తట్టుకునే చిన్న గది ఒకటి ఉండేది. మందపాటి గోడలు, ఇనుప తలుపు. యుద్ధం వచ్చేదాకా ఖాళీగా ఎందుకని ఎదురింటి చైనీస్ అంకుల్ అందులో పాత సైకిళ్ళు పెట్టుకున్నాడు. మేము దేవుళ్ళని పెట్టుకున్నాం. వరలక్ష్మీవ్రతానికి పిలిస్తే మేడమ్ వచ్చింది. దండం పెట్టుకోవడానికి లోపలికి తొంగిచూసి, కళ్ళు మూసుకోకుండా పై అరనే చూస్తూ నిలబడింది.

"ఆ డబ్బాల్లో ఏటున్నాయి?"

"మా ఫోటోలు మేడమ్. బాంబు పడ్డా భద్రం."

"బాంబు బయటుంది. దీపం లోపలుంది. రేపు ఒక సెట్టు నాకు తెచ్చియ్యి. బిషాన్‌లో మా ఇంట్లో పెడతాను."

ఆమె వెళ్ళగానే సుభద్ర నన్ను నిలదీసింది. "పోయిన మనిషి ఫోటోలు ఆవిడకెందుకండీ? చంటిదాని ఫోటోలు కూడా ఉన్నాయి, దిష్టి తగలదూ? ఏదో ఉంది." ఇది నా ఉద్యోగానికి పరీక్షేమోనని నాకూ అనుమానం. బాసు అడిగాక కాదంటే ఏమవుతుందోనని మూడో సెట్టు ఒకటి చేసి, మూతిముడుచుకుని ఇచ్చాను.

ఆ తర్వాత ఆఫీసులో తీసివేతలు మొదలయ్యాయి. మొట్టమొదట పంపించింది మేడమ్‌నే. ఆమె తన సామాను ఒక సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది. మాలో ఎవరమూ మళ్ళీ ఫోన్ చేయలేదు.

కొన్నేళ్ళకి ఒక ఆదివారం పొద్దున సుభద్ర దీపం పెట్టి, గాలికి కొండెక్కకుండా ఇనుప తలుపు దగ్గరగా వేసింది. మార్కెట్‌కి వెళ్ళి వచ్చేసరికి ఆ సందులోంచి నల్లటి పొగ. నేను తడి దుప్పటి కప్పుకుని మంటల్లోకి దూకాను. అని చాలామందికి చెప్పాను. దూకింది ఎదురింటి అంకుల్, మంటలార్పే ఎర్రటి సిలిండరు పట్టుకుని. నేను కారిడార్‌లో వంకాయల సంచి పట్టుకుని "లోపల దేవుళ్ళు, లోపల దేవుళ్ళు" అని అరిచాను. బయటి మంటను ఆపడానికి కట్టిన గోడలు లోపలి మంటను బయటికి పోనివ్వకుండా ఆపాయి. ఇల్లు మిగిలింది. సీడీలు అప్పడాల్లా ముడుచుకుని ఒకదానికొకటి అంటుకుపోయాయి.

"తాతా ఫోటోస్ ఆల్ గాన్ ఆల్రెడీ ఆ?" అంది మా అమ్మాయి. సుభద్ర చీర మార్చుకుని, "బిషాన్ పదండి" అంది. రైల్లో ఒకే ఒక్క మాట: "ఉద్యోగం పోయినావిడ, ఆఫీసువాళ్ళ సామాను ఇంకా దాస్తుందా?" నేనూ అదే అనుకుంటున్నాను. నేనైతే పారేసేవాణ్ణి.

మేడమ్ గొలుసు తీయకుండా తలుపు సందులోంచి మా ఇద్దర్నీ పైకీ కిందకీ చూసింది. సంగతి విన్నాక లోపలికి పిలిచి, బీరువా తెరిచి ఒక డబ్బా తీసింది. అట్ట మీద రాత నాది కాదు.

"ఇవి నువ్విచ్చినవి కావు" అంది.

సుభద్ర నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నువ్విచ్చినదాంట్లో ఒకటి తెరుచుకోడానికి మొరాయించింది. పూర్తిగా పాడయ్యేలోపు అన్నీ కొత్తవాటిలో ఎక్కించినాను."

"అంటే మా ఫోటోలన్నీ చూశారా?" సుభద్ర గొంతులో ఇంకా ఆ పాత అనుమానమే.

"చూడకపోతే ఎలా తెలుస్తాది అమ్మా? ఒక్కొక్కటీ చూసినాను. మీ నాయన ప్రతి ఫోటోలో ఎడమ జేబు మీద చెయ్యేసుకునుంటారు. గుండెనొప్పి ఏమోనని నాకు భయమేసింది. ఏటమ్మా అది?"

సుభద్ర "పాస్‌పోర్టండీ" అంది. "ఈ ఊళ్ళో ఎవర్నీ నమ్మలేదు. స్నానానికి వెళ్ళినా పట్టుకెళ్ళేవారు." అంటూనే నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. మేడమ్ మొహం విప్పారింది. "మంచి మనిషి" అంది. ఆమె నోట అంత మెచ్చుకోలు నేనెన్నడూ వినలేదు.

కంప్యూటర్‌లో అన్నీ తెరిచి చూపించాకే డబ్బా మా చేతికిచ్చింది. మేము లేవబోతుంటే ఆగమని, ఇంకో సీడీ తెచ్చి సుభద్రకిచ్చింది, నాకు కాదు. చిన్నప్పుడు వాళ్ళ కంపోంగ్, అంటే చెక్క ఇళ్ళ పల్లె, తగలబడిందట. వాళ్ళ ఇంట్లో ఉన్న ఫోటోలన్నీ ఒక్క పెట్టెలోనే ఉండేవట. "మా అమ్మ మొహం మళ్ళీ దొరికింది పక్క పల్లెలోళ్ళ ఇళ్ళల్లోనే. వాళ్ళ పెళ్ళిళ్ళ ఫోటోల్లో ఓ మూల నిలబడుంటాది. ఒక్కో ఇంటికీ పోయి అడిగి తెచ్చుకున్నాను. మీ ఇంట్లో వాటి కాపీ ఒకటి పెట్టుకోండి. దేవుడి దగ్గర మాత్రం వద్దు."

మేడమ్ పోయి చాలా ఏళ్ళయింది. ఆ ఫోటోలు అడగడానికి ఎవరూ రాలేదు. నేను మాత్రం అప్పుడప్పుడూ తెరుస్తాను. సీడీల కాలం పోయాక మరోదాంట్లోకి, దాని కాలం పోయాక ఇంకోదాంట్లోకి మార్చుకుంటూ వచ్చాను. తెరిచిన ప్రతిసారీ ఎవరిదో పెళ్ళి, ఎవరో వధూవరులు. అంచున సగం తెగిన చిత్రంలో పళ్ళెం పట్టుకున్న ఒక సన్నటి మనిషి. ఆమె పేరు నాకు తెలియదు. ఇప్పుడామెను మా అత్తగారికంటే బాగా గుర్తుపడతాను. ఇది మాత్రం కోత కాదు.

మొన్న పాయా లేబర్‌లో ఉండే కరీంనగర్ అమ్మాయి శ్రావణి మా ఇంటికి భోజనానికి వస్తే, మావీ మేడమ్‌వీ కలిపి ఎక్కించిన చిన్న డిస్కు, మీ ఇంట్లో ఒకటి దాచమని చేతిలో పెట్టాను. ఆ పిల్ల దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

"అంకుల్, ఇండ్ల ఏమున్నయ్? నాకెందుకిస్తున్నరు? వైరస్ గిట్ల ఉన్నదా?"

సరైన చేతికే ఇచ్చానని నాకు నమ్మకం కుదిరింది. "అదే తల్లీ, ఆ అనుమానం పోనివ్వకు" అన్నాను. "ఇంటికెళ్ళి అన్నీ తెరిచి చూడు."