టైర్ల కోసం ప్రార్థన

అమెరికాలో క్యారీ ఊళ్ళోని తెలుగు క్రైస్తవ సంఘం వాళ్ళకి సుందర్ రాజ్ అంటే చిన్న భయం. ఆయన ఏదో కొనబోతున్నాడని తెలిస్తే చాలు, ఫోన్లు ఎత్తడం మానేస్తారు. రైస్ కుక్కర్ మీద ఆయన పరిశోధన తెమిలేసరికి ఏడాది పట్టింది. అన్నాళ్ళూ భార్య మణి గిన్నెలోనే అన్నం వండింది.

ఈసారి ఆ పరిశోధన ట్రావెల్ ట్రైలర్ టైర్ల మీద పడింది. పడకలూ వంటగదీ ఉన్న ఆ చక్రాల ఇల్లు డ్రైవ్‌వేలోనే ఉండి ఉండి, అరగకుండానే టైర్లు ఎండకి పగుళ్ళిచ్చాయి. సుందర్ రాజ్ వాటికి తొడుగులు వేసి, కొత్తవి వెతకడం మొదలుపెట్టాడు. ఆగస్టులో కూతురు అబిగేల్ కాలేజీకి వెళ్ళిపోతుంది. ఆలోపు ముగ్గురూ కలిసి సముద్రం ఒడ్డున నాలుగు రోజులు గడిపి రావాలని మణి ఆశ.

నిజానికి మొదటిరోజే ఆయనకి ఒక రకం నచ్చింది. అయినా ఎంత బరువు మోస్తుంది, ఎండకి ఎన్నాళ్ళు ఆగుతుంది అంటూ వీడియోలు చూస్తూనే ఉన్నాడు. శుక్రవారం ప్రార్థన కూటంలో ఒకరు వీసా గురించి, ఇంకొకరు మోకాళ్ళ నొప్పి గురించి చెప్పుకున్నాక ఈయన లేచేవాడు.

"మా ట్రైలర్ టైర్ల ఎంపికని ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి బ్రదర్."

మొదట్లో అందరూ భక్తిగానే ప్రార్థించారు. పోనుపోను నవ్వు ఆపుకోవడమే కష్టమైపోయింది.

జూలైలో కూటం వాళ్ళింట్లోనే జరిగింది. వచ్చినవాళ్ళందరినీ ట్రైలర్ దగ్గరికి తీసుకెళ్ళి, తొడుగుల వైపు వేలు చూపిస్తూ, ఫోన్‌లో పగుళ్ళ ఫొటోలు పెట్టి, "వీటితో హైవే ఎక్కామా, అంతే సంగతులు" అని హడలగొట్టాడు. నవ్వు ఆపుకోబోయి అబిగేల్‌కి దగ్గొచ్చింది.

దేవుడు చేసిన మేళ్ళ గురించి సాక్ష్యాలు చెప్పే వేళకి మణి లేచింది. "దేవునికి స్తోత్రం. టైర్ల గురించి మీరు చేసిన ప్రార్థన ఫలించిందండీ. ఈయన ఆఫీస్‌కి వెళ్ళినప్పుడు మనుషుల్ని ఇంటికి పిలిపించి మార్పించేసి, మళ్ళీ తొడుగులు వేసేశాను. మొదట నచ్చినవే వేయించా. ఎంత తిరిగినా చివరికి అక్కడికే వస్తారుగా. మార్చి మూడు వారాలైంది."

గదంతా నవ్వుతూ ఒక్క గొంతుతో ఆమెన్ అంది.

సుందర్ రాజ్ బయటికి నడిచి తొడుగు లాగి చూశాడు. కొత్త టైరు నల్లగా నిగనిగలాడుతోంది. అందరూ నవ్వినందుకు ఆయనకి సిగ్గేసింది, కానీ అంతకన్నా దిగులేసింది. మణి వెనకాలే వచ్చింది.

"కోపమొచ్చిందా అండీ?"

"లేదు మణీ. టైర్లు వేస్తే ట్రిప్ అయిపోతుంది. ట్రిప్ అయిపోతే పిల్ల వెళ్ళిపోతుంది."

మణికీ అదే బెంగ.

"స్పేర్ టైరు కూడా మార్చావా?" అన్నాడు ఆయన, కళ్ళు తుడుచుకుంటూ.

"అది మీకే వదిలేశాను. అమ్మాయి క్రిస్మస్‌కి వచ్చేదాకా రీసెర్చ్ చేసుకోండి."