ఖాళీ డ్రమ్ముల షెడ్డులో మా ఏడో పాట

ఇరవై రెండేళ్ళ వయసులో తనకు పాట వచ్చని, పై అధికారికి చెవులు లేవని మనిషి గట్టిగా నమ్ముతాడు. ఆ రోజుల్లో నేనూ నమ్మాను. పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీలో ట్రైనీలం నలుగురం కలిసి బ్యాండు పెట్టాం. శ్రోతలమూ మేమే. భోజనం వేళ, కడిగి బోర్లించిన నీలం డ్రమ్ములు వాయిస్తూ షెడ్డులో పాడేవాళ్ళం. లోపల ఫోను కనబడితే ఉద్యోగం ఊడుతుంది. అందుకని టిఫిన్ డబ్బా అడుగు గిన్నెలో ఫోను దాచి తెచ్చి, అందులోంచే రికార్డు చేసేవాళ్ళం (మా పాటలన్నిట్లో పప్పు వాసనేనని మాలో దరువు వేసే డప్పుగాడు ఇప్పటికీ అంటాడు).

ఏడో పాట సగంలో ఉండగా హెల్మెట్ సార్ వచ్చాడు. సేఫ్టీ ఆఫీసరు. తలమీంచి హెల్మెట్ తీయగా చూసినవాళ్ళు లేరు. మిగతా ముగ్గురూ వెనక సందులోంచి మాయమయ్యారు, నేను దొరికిపోయాను. వచ్చే సోమవారమే నా ఉద్యోగం పర్మినెంటు కావాలి.

"ఏం జేస్తున్నవ్ ఈడ?"

"డ్రమ్ములు పలిగినయేమోనని కొట్టి సూస్తున్న సార్."

"మంచి పని. ఇగ అన్నీ కొట్టి సూడు. నేనీడనే ఉంట."

షెడ్డు నిండా డ్రమ్ములే. ఒక్కొక్కటీ కొడుతూ పోయాను. డబ్బాలో ఫోను రికార్డు చేస్తూనే ఉంది. ఎవడైనా ఫోన్ చేస్తే నా బతుకు బస్టాండే. చెమటకు చొక్కా వీపుకు అతుక్కుపోయింది. నిజంగా ఏడుపొచ్చింది. "చాలు, పో" అనగానే డబ్బా కూడా మరిచి పరిగెత్తాను. సాయంత్రం వెళ్తే పెట్టినచోటే ఉంది. భయంతో ఆ రికార్డింగు వినకుండానే మెమరీ కార్డు డప్పుగాడికిచ్చేశాను.

ఇన్నేళ్ళకు మొన్న వాడే ఫోన్ చేశాడు. "అరే, మనం పాడినయన్నీ ఒక్కతాన జేసి నెట్ల పెడుతున్న. ఏడోది ఆఖరుదాంక ఇన్నవా?"

విన్నాను. నేను భయపడుతూ కొట్టిన దెబ్బలు అయిపోయాయి, నా పరుగు చప్పుడు దూరమైంది. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఎవరో డ్రమ్ము మీద మెల్లగా రెండు దెబ్బలు వేశారు. ఇంకో రెండు. మా పాట దరువే! మధ్యలో తప్పింది. "ఛ!" అన్నాడు హెల్మెట్ సార్, మళ్ళీ మొదలుపెట్టాడు.

ఇప్పుడు నాది ఆయన అప్పటి వయసు. నన్ను చూసి ట్రైనీలు పక్కకు తప్పుకుంటారు. ఇంటికొచ్చి ఆ చివరి భాగం నాలుగుసార్లు విన్నాను, నవ్వాను. ఇరవై రెండేళ్ళ ఆ వెర్రివాణ్ణి నేను, ఆ రోజు గుమ్మం దాటాక ఒక్క నిమిషం ఆగి ఉంటే, మా బ్యాండులో ఐదుగురం అయ్యేవాళ్ళం.