డోరీన్ దిద్దని తప్పు

మా ఆయన శేషగిరి ముప్పై ఏళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసి రిటైరయ్యారు. ఇప్పుడు కెనడాలోని కేంబ్రిడ్జ్‌లో, మూతపడ్డ బట్టల మిల్లు వెనకున్న చిన్న కమ్యూనిటీ రేడియోలో శనివారం మధ్యాహ్నాలు జీతం లేని ఉద్యోగం చేస్తున్నారు. డెబ్బైల మొదట్లో ఇంగ్లండులో దుమ్ము రేపిన పాటలు వేసి, ఏ రికార్డు ఎన్ని వారాలు మొదటి స్థానంలో ఉందో, దాన్ని ఏది తోసేసిందో చెబుతుంటారు. వాళ్ల నాన్న విశాఖ హార్బర్‌లో గుమాస్తా. ఓడల్లో వచ్చిన తెల్లవాళ్లు విని విని గీతలు పడ్డ రికార్డులు ఇచ్చిపోయేవారట. ఈయనకి ఆ పిచ్చి అక్కడే అంటుకుంది. పెళ్లయిన కొత్తలో నాకో సినిమా పాట పాడి వినిపిస్తారేమో అనుకున్నాను. మెరుపుల చొక్కాలూ ఎత్తు మడమల బూట్లూ వేసుకున్న మగాళ్ల ఫొటోలు చూపించారు.

వినేదెవరంటే, అప్పట్లో ఇంగ్లండు నుంచి ఇక్కడి మిల్లుల్లో పనికొచ్చి ఇక్కడే ముసలివాళ్లయిపోయినవాళ్లు. వాళ్లలో డోరీన్ అని ఒకావిడ. ఒక్కతే ఉంటుంది. పడుచుతనంలో లీడ్స్‌లో రికార్డుల దుకాణంలో పనిచేసిందట. ఈయన ఒక్క వారం అటూ ఇటూగా చెబితే చాలు, ఫోన్ చేసి ఒంటికాలి మీద లేస్తుంది. ఆ రికార్డు కోసం మా కొట్టు ముందు జనం క్యూ కట్టారు, నువ్వా నాకు చెప్పేది అంటుంది. ఆవిడ ఫోన్ కోసం ఈయన కావాలనే ఓ తప్పు చెబుతారని నా అనుమానం. ఆవిడకి వినికిడి తక్కువ, రేడియో ఇల్లు అదిరేలా పెడుతుంది. ఫోన్‌లోంచి ఈయన మాటలే ఈయనకి తిరిగి వినపడతాయి. ముందు రేడియో తగ్గించండి అని బతిమాలడం, ఆ తర్వాత చీవాట్లు తినడం, ప్రతి వారం ఇదే తంతు.

మొన్న శనివారం ప్రోగ్రాం అయ్యాక ఇద్దరం సరుకులకి వెళ్లాలి. అందుకని నేనూ స్టూడియోలో కూర్చున్నాను, కాస్త మొహం ముడుచుకునే. ఈయన డెబ్బై మూడు క్రిస్మస్ దగ్గరికొచ్చి, ఆ పండక్కి దేశమంతా పాడుకున్న పాట రెండో స్థానంతో సరిపెట్టుకుందన్నారు. అది మొదటి స్థానంలోనే ఉందని నాక్కూడా తెలుసు, అంత పచ్చి తప్పు. అనడం ఆలస్యం, ఫోన్ మోగింది.

"చెప్పండి డోరీన్ గారూ, నేనన్నది తప్పేనా?" అన్నారు నవ్వుతూ.

వెనకాల రేడియో హోరు. తర్వాత ఆవిడ గొంతు, నోట్లో ఏదో పెట్టుకుని మాట్లాడుతున్నట్టు వినపడింది.

"లేదు. నువ్వన్నదే నిజం."

ఈయన నవ్వు ఆగిపోయింది. ఏ నెలలో ఏ పాటో ఇంకేదో అడిగారు. ఆవిడ ఏదో అంది, ఒక్క మాటా అర్థం కాలేదు. ఈయన నావైపు తిరిగారు.

"అమృతా, 911కి చెయ్యి. నేను చెప్పిన తప్పుని ఆవిడ నిజమంది. ఏదో అయింది ఆవిడకి."

నా మొబైల్ తీసి చేశాను. అవతలివాళ్లు మొదట అడ్రస్ అడిగారు. ఏం చెప్పను? ఆవిడ ఇంటిపేరు కూడా మాకు తెలీదు. స్టూడియో ఫోన్ తాతల కాలంది, నంబరు చూపించదు. ఈయన లైన్ కట్ చేస్తే ఆవిడ మళ్లీ డయల్ చెయ్యలేదు. కట్ చెయ్యకపోతే, వినేవాళ్లలో ఆవిడ ఇల్లు తెలిసినవాళ్లు మాకు ఫోన్ చేసి చెప్పడానికి స్టూడియోలో వేరే లైన్ లేదు. ఈ పాటల పిచ్చిని ఇన్నాళ్లూ తిట్టుకున్న నేను, ఆవిడ ఎలాగైనా బతకాలని దేవుళ్లందరికీ మొక్కుకున్నాను.

ఈయన డోరీన్, డోరీన్ అని పిలుస్తూనే ఉన్నారు. అలా పిలిచిన ప్రతిసారీ, ఆ పిలుపే ఫోన్‌లోంచి కాస్త ఆలస్యంగా, గట్టిగా తిరిగొస్తోంది. ఉన్నట్టుండి ఆగారు. తన గొంతు ఆ ఇంట్లో గోడలు అదిరేలా మోగుతోందని అప్పుడు తట్టింది ఆయనకి. మైకు సౌండు చివరిదాకా పెంచి, దాని మీదకి వంగారు. నలభై ఏళ్ల కాపురంలో ఆయన అలా అరవగా నేను వినలేదు.

పక్కింటివాళ్లూ, ఈ గోల మీ గోడలోంచి వస్తుంటే తిట్టుకోకండి, ఆ తలుపు తియ్యండి, లోపల డోరీన్ పడిపోయింది అన్నారు. అదే మాట మళ్లీ మళ్లీ. గొంతు బొంగురుపోయింది. ఆవిడ ఊపిరి మాత్రం ఫోన్‌లో సన్నగా వినపడుతోంది. ఒక్కోసారి అదీ వినపడలేదు.

తర్వాత దబదబా తలుపు చప్పుడు. ఎవరో గట్టిగా పేరు పెట్టి పిలిచారు. తాళంచెవి నా దగ్గరుంది, వస్తున్నా అని ఒక ఆడగొంతు. రేడియో ఆగిపోయింది. ఈయన అడిగితే ఆ పక్కింటావిడ ఫోన్ దగ్గరికి వంగి అడ్రస్ చెబుతోంది, నేను విన్నది విన్నట్టు నా మొబైల్లో అప్పజెప్పాను.

అంబులెన్స్ వచ్చేదాకా ఈయన ఫోన్ పట్టుకునే ఉన్నారు. ఒక్క పాటా వెయ్యలేదు. చివరికి ఒక మగగొంతు ఫోన్ దగ్గరగా వచ్చింది. స్ట్రోక్‌లా ఉంది, టైముకే వచ్చాం, కానీ ఫోన్ గట్టిగా పట్టేసుకుంది, మేం ఎంత చెప్పినా వదలట్లేదు, మీరు చెబితే వింటుందేమో అన్నాడు.

ఈయన కళ్లు తుడుచుకున్నారు.

"డోరీన్ గారూ, వాళ్లొచ్చేశారు. ఇంక నన్ను వదిలెయ్యండి."

కాసేపటికి లైన్ కట్టయింది.